బాటిళ్లకు ఆరు లక్షలు, ఇంటికి డెబ్బై వేలు

ప్రశ్న: మేము చెన్నై వేళచ్చేరిలో ఉంటాం. నాది ఐటీ ఉద్యోగం, నెలకు 92,000 చేతికొస్తుంది. ఇంటి ఖర్చులు 62,000, కారు ఈఎంఐ 11,000. బ్యాంకులో 70,000 ఉన్నాయి. నా స్నేహితుడు హెచ్‌ఆర్‌లో ఉన్న కంపెనీలో ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు మాన్పించి, ఉద్యోగులకు స్టీలు బాటిళ్లు ఇవ్వాలనుకుంటున్నారు. 1,500 కావాలట. 400కి కొని 520కి ఇస్తే 1.80 లక్షలు మిగులుతాయి. 6 లక్షల పర్సనల్ లోన్ 14 శాతం వడ్డీకి, మూడేళ్లకు దొరుకుతోంది. లోగో ప్రింటింగ్, రవాణా క్రెడిట్ కార్డు మీద లాగేస్తాను. ప్లాస్టిక్ ఎలాగూ బ్యాన్ అవుతుంది, డిమాండ్ పెరుగుతుంది, పర్యావరణానికీ మంచిదే. పర్సనల్ లోన్ మేలా, గోల్డ్ లోన్ మేలా?

జవాబు: రెండూ వద్దు. ఇలాంటి ప్రశ్నలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకరిది గుడ్డ సంచులు, ఒకరిది చిరుధాన్యాల లడ్డూలు, మీది బాటిళ్లు. సరుకు ఏదైనా లెక్కలో పొరపాటు ఒక్కటే. లాభం ఎంతో రాసుకుంటారు, డబ్బు ఏ రోజు చేతికొస్తుందో రాసుకోరు.

6 లక్షలకు 14 శాతం చొప్పున మూడేళ్లకు ఈఎంఐ దాదాపు 20,500. ఖర్చులు, కారు పోను మీకు మిగిలేది 19,000. అంటే ఒక్క బాటిల్ అమ్మకముందే నెలకు 1,500 లోటు. పైగా ఈ ఆర్డరు స్నేహితుడి నోటిమాటేగానీ, కంపెనీ రాతపూర్వకంగా ఇచ్చే పర్చేజ్ ఆర్డర్ కాదు. పెద్ద కంపెనీలు బిల్లు తీసుకుని అరవై, తొంభై రోజులు కూర్చోబెట్టడం మామూలే. చిన్న సంస్థలకు 45 రోజుల్లో చెల్లించాలన్న చట్టం ఉందిగా అంటారేమో. అది తయారీదారులకు, సేవలందించేవారికి. కొని అమ్మే మీకు ఆ రక్షణ దొరకదు. ఆ రెండు మూడు నెలలూ ఈఎంఐ జీతంలోంచే పోవాలి. దానికి తోడు క్రెడిట్ కార్డా! బిల్లు పూర్తిగా కట్టలేకపోతే ఆ కార్డు వడ్డీ ముందు మీ 14 శాతం చవగ్గా కనిపిస్తుంది. దయచేసి ఆ ఆలోచనే మానుకోండి.

అసలు నన్ను కలవరపెట్టింది ఆ 70,000. మీ నెల ఖర్చు 73,000. మీ అత్యవసర నిధి నెల గడవడానికే మూడు వేలు తక్కువ. మీ రంగంలో ఉద్యోగం పోతే మరొకటి దొరకడానికి ఎంత కాలం పడుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. కనీసం ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి, అంటే 4.38 లక్షలు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు మీ వేళచ్చేరి మునిగినప్పుడు కరెంటూ, నెట్‌వర్కూ పోయి, ఫోనులో డబ్బున్నా నీళ్ల కేను కొనుక్కోలేక తిప్పలు పడ్డవాళ్లు ఉన్నారు. కాబట్టి నిధిలో పదివేలు రొక్కంగా ఇంట్లో పెట్టండి. మిగతాది స్వీప్-ఇన్ ఎఫ్‌డీలో, అంటే సేవింగ్స్ ఖాతాకు ముడిపడి, కావలసినప్పుడు తీసుకోగలిగే డిపాజిట్‌లో. బోనస్ వస్తే ముందు దీనికే. ఉన్న 70,000 పోను, నెలకు 19,000 చొప్పున ఇరవై నెలలు పడుతుంది, పట్టనివ్వండి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది, సొంత పాలసీ కూడా ఉండాలి.

ఇక బ్యాన్ సంగతి. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి, దేశమంతటా 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ వస్తువులపై నిషేధాలు వచ్చాయి. నీళ్ల ప్యాకెట్లూ, స్ట్రాలూ జాబితాలకెక్కాయిగానీ నీళ్ల బాటిల్ ఎక్కలేదు. నీలగిరుల్లాంటి చోట్లే దానికి అడ్డు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి బాటిల్ నీళ్లపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది, రైల్వే వాళ్ల రైల్ నీర్ లీటరు 15 నుంచి 14 రూపాయలైంది. ప్రభుత్వం బ్యాన్ చేస్తుందని నమ్మి అప్పు చేయకండి.

400కి ఇస్తానన్న వ్యాపారిని ఐఎస్ఐ నాణ్యతా ముద్ర లైసెన్సు నంబరు అడిగి, ఆ ముద్ర ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో చూసుకోండి. 2023లో వచ్చిన కేంద్ర ఉత్తర్వులతో స్టీలు నీళ్ల బాటిళ్లకు, ఫ్లాస్కులకు ఆ ముద్ర తప్పనిసరైంది. ముద్ర లేని 1,500 బాటిళ్లు మీ ఇంట్లో ఉంటే అది సరుకు కాదు, కేసు.

పర్యావరణం మాట నిజమే, కానీ సగమే. స్టీలు తయారీకి శక్తి బాగా ఖర్చవుతుంది, ఒకే బాటిల్‌ను ఏళ్ల తరబడి వాడితేనే ఫలితం. మా ఇంటి అటక మీద నాలుగు కంపెనీల లోగోలతో నాలుగు బాటిళ్లున్నాయి, నేను తాగేది మాత్రం పాత చెంబులోనే. ఆ ఆఫీసులో మీటింగుల్లో అరలీటరు బాటిళ్లు మానాలంటే గాజు జగ్గులూ, గ్లాసులూ చాలు. మీ స్నేహితుడితో ఆ మాట చెప్పి చూడండి, ఆర్డరు గట్టిదో కాదో తేలిపోతుంది.

అయినా చేయాలనిపిస్తే పర్చేజ్ ఆర్డర్, దాంతో సగం అడ్వాన్సు అడగండి. ఆ డబ్బుకు వచ్చినన్ని బాటిళ్లే కొని, ఇచ్చి, బిల్లు వసూలయ్యాక తరవాతి విడత కొనండి. తర్వాత వ్యాపారం పెరిగితే, చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ పథకం కింద బ్యాంకులిచ్చే ముద్రా రుణం చూడొచ్చు. అడ్వాన్సు ఇచ్చేది లేదని కంపెనీ అంటే, పెట్టుబడి మిమ్మల్నే పెట్టమంటున్నట్టు లెక్క. అలాంటప్పుడు మీ ఇంటికి కావలసిన రెండు బాటిళ్లు కొనుక్కోండి, దానికి లోన్ అక్కర్లేదు.