ఇంజినీరింగ్ చదివి మైకులు బిగించే ఉద్యోగమా?

ఖమ్మం నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అబ్బాయి ఈసీఈ పూర్తి చేసి ఏడాది దాటింది. సాఫ్ట్‌వేర్ కోసం అమీర్‌పేటలో కోర్సులు చేశాడు, పిలుపులు రావడం లేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఆడియో విజువల్ కంపెనీలో సైట్ ఇంజినీర్‌గా ఆఫర్ వచ్చింది. నెలకి 18 వేలు, రెండేళ్ళ బాండ్, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వాలట. మా బావమరిది 'ఇంజినీరింగ్ చదివించి మైకులు, టీవీలు బిగించే పనికి పంపుతావా' అంటున్నాడు. వాడికి మాత్రం వెళ్ళాలనే ఉంది. ఈ లైన్‌కి భవిష్యత్తు ఉందా మేడమ్?"

నమస్తే అండీ. అబ్బాయికి ఇష్టం ఉందన్నారు కాబట్టి ముందు నా మాట చెప్పేస్తాను, పంపించండి. అయితే ఏ కంపెనీ అయినా ఒకటేలే అని మాత్రం పంపకండి. ఈ రంగంలో ఒకే రోజు ఒకే హోదాలో చేరిన ఇద్దరు పిల్లల్లో ఐదేళ్ళు తిరిగేసరికి ఒకరు ఇంకా నిచ్చెన మీదే ఉంటారు, ఇంకొకరు నాలుగైదు నగరాల ప్రాజెక్టులకి డిజైన్లు ఇస్తుంటారు, ఆ తేడా చాలావరకు వాళ్ళు చేరిన కంపెనీ దేని మీద డబ్బు సంపాదిస్తోందో దాన్నిబట్టి వస్తుంది. అందుకే ఉద్యోగం కన్నా ముందు ఈ వ్యాపారం గురించి చెప్తాను, కొంచెం ఓపికగా చదవండి.

మీ బావమరిది గారి కళ్ళ ముందున్నది ఫంక్షన్ హాల్లో బాక్సులు పెట్టే మైక్ సెట్ కుర్రాడు. అతనిదీ కష్టమైన పనే, కానీ ఇది వేరు. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడలో విదేశీ కంపెనీల ఆఫీసులు ఉన్నాయి కదా, వాటిలో అంతస్తుకి ఎన్నో మీటింగ్ రూములు, ఒక్కో రూములో కెమెరా, సీలింగ్‌లో మైకులు, స్పీకర్లు, తెర, టేబుల్ మీద టచ్ ప్యానెల్ ఉంటాయి. అమెరికా టీమ్‌తో రోజూ మాట్లాడేది ఆ గదుల్లోంచే. అక్కడ మాట వినపడకపోతే ఆ మీటింగ్ అక్కడితో ఆగిపోతుంది. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో ప్రారంభించిన పోలీస్ కమాండ్ కంట్రోల్ సెంటర్‌లోని వీడియో వాల్, ఎయిర్‌పోర్టులో విమానాల సమయాలు చూపించే తెరలు, కోర్టుల్లో వీడియో విచారణ, మెడికల్ కాలేజీలో ఆపరేషన్‌ని క్లాస్‌రూముకి చూపించే ఏర్పాటు, ఇవన్నీ ఈ రంగం కిందికే వస్తాయి. డిజైన్ చేసి, సరుకు తెప్పించి, బిగించి, ప్రోగ్రామ్ చేసి అప్పగించే కంపెనీని ఇంటిగ్రేటర్ అంటారు. మీ అబ్బాయికి వచ్చిన ఆఫర్ అలాంటి చోట నుంచే.

గత పది పదిహేనేళ్ళలో ఇక్కడ జరిగిన అతిపెద్ద మార్పు ఏమిటంటే, ఆడియో వీడియో అంతా నెట్‌వర్క్ మీదకి ఎక్కేసింది. వెనకటికి ఒక పెద్ద హాలంటే మైక్‌కి ఒక కేబుల్, ప్రొజెక్టర్‌కి ఒక కేబుల్, అన్నీ పరికరాలు పేర్చే ఇనుప బీరువాలోకి, అంటే రాక్‌లోకి, లావుపాటి కట్టలుగా వచ్చేవి. ఇప్పుడు ఆస్ట్రేలియాలోని ఆడినేట్ అనే కంపెనీ తెచ్చిన డాంటే పద్ధతిలో ఒకే గిగాబిట్ నెట్‌వర్క్ కేబుల్ మీద 512 ఆడియో ఛానళ్ళు పోతాయి, 512 వస్తాయి. వీడియోదీ అదే దారి. కెమెరాకి, మైక్‌కి కరెంటు కూడా అదే కేబుల్లో వస్తుంది. అంటే సైట్లో సమస్య వస్తే ఇప్పుడు నెట్‌వర్క్ స్విచ్‌లోకి, అంటే ఆ కేబుళ్ళన్నీ కలిసే పెట్టెలోకి, లాగిన్ అయి చూడాలి. వీలాన్, మల్టీకాస్ట్, ఐజీఎంపీ స్నూపింగ్, క్యూఓఎస్, క్లాక్ సింక్, ఈ నెట్‌వర్క్ సంగతులన్నీ తెలియాలి. ఒక చిన్న ఉదాహరణ చెప్తాను. కొన్ని నెట్‌వర్క్ స్విచ్‌లలో కరెంటు ఆదా చేసే ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్ అనే సెట్టింగ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే డాంటే ఆడియోలో చిటపట చప్పుళ్ళు రావచ్చు, ఒక్కోసారి ఆగిపోవచ్చు కూడా. అది తెలియనివాడు రోజంతా కేబుళ్ళు మారుస్తూ కూర్చుంటాడు, తెలిసినవాడు ఐదు నిమిషాల్లో ఆపేసి టీ తాగుతాడు. ఈసీఈ చదివిన పిల్లాడికి ఈ రంగంలో చోటు ఉందని నేను అంటున్నది ఇందుకే. సిగ్నల్, శాంప్లింగ్, డెసిబెల్ అంటే ఏమిటో వాడికి ఇప్పటికే తెలుసు, నెట్‌వర్కింగ్ ఒక్కటి గట్టిగా పట్టుకోవాలి.

మరి ఇంత బాగుంటే జీతం 18 వేలేమిటి అని మీరు అడగాలి. అక్కడే ఉంది వ్యాపారం ఇబ్బంది.

ఇంటిగ్రేటర్లు చాలాకాలం సరుకు మీద లాభంతో బతికారు. ఆ లాభం కరిగిపోతోంది. కొనేవాడు ఇంటర్నెట్‌లో ధర చూసుకునే వస్తాడు, టెండర్లో ముగ్గురు అదే బ్రాండ్ అదే మోడల్ కోట్ చేస్తారు, చివరికి ఎవరు తక్కువ అంటే వాళ్ళకే ఆర్డర్. పైగా చిన్న మీటింగ్ రూముకి ఇప్పుడు కెమెరా, మైక్, స్పీకర్ అన్నీ ఒకే పెట్టెలో ఉన్న వీడియో బార్ వస్తోంది. దాన్ని టీవీ కింద తగిలించి టీమ్స్‌కో జూమ్‌కో లాగిన్ చేస్తే పని అయిపోతుంది, ఒకప్పుడు ఆ గదికి సగం రాక్ సామాను పట్టేది. ఆ పని ఆఫీసులో ఐటీ వాళ్ళే చేసేసుకుంటున్నారు. కాబట్టి పెట్టెలు అమ్ముకునే కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి మొదట చూసేది మీ అబ్బాయి లాంటి ఫ్రెషర్ జీతం వైపే.

రెండోది డబ్బు చేతికి రావడం. బిల్డింగ్‌లో సివిల్ పని, కరెంటు పని, ఏసీ, ఫాల్స్ సీలింగ్, ఇంటీరియర్ అన్నీ అయ్యాక చివర్లో లోపలికి వెళ్ళేవాళ్ళు వీళ్ళు. ముందువాళ్ళు చేసిన ఆలస్యమంతా వీళ్ళ నెత్తిన పడుతుంది, ప్రారంభోత్సవం తేదీ మాత్రం కదలదు. అందుకే ఈ ఉద్యోగంలో ఆఖరి వారం రాత్రుళ్ళు నిద్ర ఉండదు, ఆ సంగతి అబ్బాయికి ఇప్పుడే చెప్పి ఉంచండి. ఇంత చేసి అప్పగించాక స్నాగ్ లిస్ట్ అంటారు, అంటే ఇంకా సరిచేయాల్సిన లోపాల జాబితా, కొంత శాతం బిల్లు వారంటీ అయ్యేదాకా ఆపుతారు. చిన్న పరిశ్రమలకి 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం చెప్తోంది, అలా కట్టకపోతే ఆ ఖర్చుని ఆ ఏడాది పన్ను లెక్కలో చూపించుకోనివ్వని నిబంధన కూడా ఇన్‌కమ్ ట్యాక్స్‌లో పెట్టారు. అయినా పెద్ద కస్టమర్‌ని చట్టం పేరు చెప్పి నిలదీసే ధైర్యం చిన్న ఇంటిగ్రేటర్‌కి ఎక్కడుంటుంది, మళ్ళీ ఆర్డర్ రావాలి కదా. సరుకు ఇచ్చిన డిస్ట్రిబ్యూటర్‌కి మాత్రం టైముకి కట్టాలి. మధ్యలో నలిగేది నెలాఖరు జీతాలు.

మూడోది, ఖరీదైన సరుకులో చాలాభాగం దిగుమతే. డాలర్ కదిలితే కొటేషన్ తారుమారు. డిస్‌ప్లేలు, పవర్ అడాప్టర్ల లాంటి వాటికి బీఐఎస్ రిజిస్ట్రేషన్, వైర్‌లెస్ మైకుల్లాంటి వాటికి టెలికాం శాఖ అనుమతి కావాలి, కొత్త మోడల్ విదేశంలో వచ్చినా ఇక్కడికి వచ్చేసరికి ఆలస్యం. 2020 అక్టోబరులో జపాన్‌లోని నోబెయోకాలో ఏకేఎం కంపెనీ చిప్ ఫ్యాక్టరీ కాలిపోయింది. శబ్దాన్ని డిజిటల్‌గా మార్చే చిప్‌లు ఎన్నో ఆడియో బ్రాండ్లకి అక్కడినుంచే వెళ్ళేవి. కోవిడ్ కొరతకి ఇది తోడై, ప్రపంచమంతటా డీఎస్పీల (శబ్దాన్ని సరిచేసే డిజిటల్ పరికరాల) కోసం, ఆడియో మిక్సర్ల కోసం నెలల తరబడి ఎదురుచూశారు. గదులు సిద్ధం, సామాను లేదు, బిల్లు లేదు. కొంత మంచి కూడా జరిగింది లెండి, 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద టీవీలు, మానిటర్లు, ప్రొజెక్టర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కట్టిన పన్నుని తిరిగి సర్దుకునే కార్పొరేట్ ఆఫీసులకి దీనివల్ల పెద్దగా తేడా ఉండదు, అలా సర్దుకునే వీలులేని స్కూళ్ళు, హాస్పిటళ్ళకే నిజమైన ఉపశమనం.

ఇప్పుడు మీ అబ్బాయి విషయానికి వస్తాను. ఈ ఇబ్బందుల నుంచి బయటపడుతున్న కంపెనీలు ఏం చేస్తున్నాయంటే, సరుకు అమ్మకం మీద ఆధారపడటం తగ్గించి డిజైన్‌కి, ప్రోగ్రామింగ్‌కి, నెలనెలా వచ్చే సర్వీస్‌కి విడిగా డబ్బు తీసుకుంటున్నాయి. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) అంటే పాడైతే వచ్చి బాగుచేయడమనే అర్థం పోయి, వందల గదులని ఒకేచోట నుంచి స్క్రీన్ మీద గమనిస్తూ, పొద్దున తొమ్మిదింటి మీటింగ్‌కి ముందే 'ఆ గదిలో కెమెరా ఆఫ్‌లైన్‌లో ఉంది' అని పట్టుకునే పనిగా మారింది. అలాంటి కంపెనీకి ఇంజినీరే సరుకు, అందుకని నేర్పిస్తుంది, నేర్చినవాణ్ణి నిలుపుకోవడానికి జీతం పెంచుతుంది. పెట్టెలు మాత్రమే అమ్మే కంపెనీ మీ వాణ్ణి రెండేళ్ళు టీవీ బ్రాకెట్ల దగ్గరే ఉంచుతుంది, బాండ్ అయ్యాక ఇంకో ఫ్రెషర్‌ని తెచ్చుకుంటుంది.

ఈ తేడా ఎలా కనిపెట్టాలి? ఆఫీసుకి వెళ్ళి చూడమనండి. డిజైన్ టీమ్ విడిగా ఉందా, లేక సేల్స్ వాళ్ళే బీఓక్యూ (కావాల్సిన సామాను, పరిమాణాల జాబితా) రాసేసి పంపుతున్నారా? సైట్‌కి పంపేముందు రాక్‌ని కట్టి టెస్ట్ చేసే జాగా ఉందా? ఆఫీసులో ఎంతమందికి ఈ రంగంలో గుర్తింపు ఉన్న సీటీఎస్ సర్టిఫికెట్ ఉంది, పరీక్ష ఫీజు కంపెనీ కడుతుందా? సర్వీస్ కాంట్రాక్టులు ఎవరెవరితో ఉన్నాయి? అన్నిటికన్నా ముఖ్యం, అక్కడ పనిచేసి మానేసిన ఇద్దరిని లింక్డ్‌ఇన్‌లో పట్టుకుని జీతాలు ఏ తారీఖున పడేవో అడగమనండి. ఇంకొకటి, తండ్రిగా మీకు నిద్ర పట్టాలంటే ఇది కూడా కావాలి: ఎత్తు మీద పని చేసేటప్పుడు బెల్ట్, హెల్మెట్ ఇస్తారా, యాక్సిడెంట్ ఇన్సూరెన్స్ ఉందా, పీఎఫ్, ఈఎస్ఐ కడతారా? ఈ మాటలకి చిరాకు పడే కంపెనీ అయితే ఆ బాండ్ మీద సంతకం వద్దు, నేను గట్టిగానే చెప్తున్నాను.

బాండ్ గురించి ఒక మాట. 'బాండ్లు కోర్టులో చెల్లవులే' అని ఎవరైనా చెప్తే నమ్మకండి. 2025 మేలో విజయా బ్యాంక్ కేసులో, మూడేళ్ళలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతుని సుప్రీంకోర్టు సమర్థించింది. అది ప్రభుత్వ బ్యాంకు కేసు, ప్రతి ప్రైవేటు బాండ్‌కీ అలాగే వర్తిస్తుందని కాదు, కానీ సంతకం అంటే సంతకమే. మొత్తం ఎంత, ఎన్ని నెలలు పనిచేస్తే ఎంత తగ్గుతుంది, దానికి బదులు వాళ్ళు ఇచ్చే ట్రైనింగ్ ఏమిటి, ఈ మూడూ కాగితం మీద ఉండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఇవ్వొద్దు. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, వెనక్కి తెచ్చుకోండి. దీనికి ఒప్పుకోకపోతే వేరే కంపెనీ చూసుకోవచ్చు.

చేరాక మొదటి ఏడాది సైట్ మీద పనిని చిన్నచూపు చూడొద్దని అబ్బాయికి చెప్పండి. కనెక్టర్ వేయడం, రాక్ సర్దడం, డ్రాయింగ్ చదవడం చేతికి రానివాడు తర్వాత చేసే డిజైన్ సైట్లో నిలబడదు. హైదరాబాద్ ఆఫీసుల్లో అద్దాల గోడలంటే మహా మోజు, ఆ గదుల్లో మాట అటూఇటూ కొట్టుకుని అవతలివాళ్ళకి డ్రమ్ములో మాట్లాడినట్టు వినిపిస్తుంది. ఎంత ఖరీదైన మైక్ పెట్టినా అది పూర్తిగా పోదు. సీలింగ్ మూయకముందే ఆర్కిటెక్ట్ దగ్గరకి వెళ్ళి 'ఈ గోడకి అకౌస్టిక్ ప్యానెల్ కావాలి సార్' అని లెక్కతో సహా చెప్పగలిగే కుర్రాడికి ఈ రంగంలో చాలా విలువ ఉంది. కొత్త మైకులు, కెమెరాలు ఏఐతో వాటంతట అవే సర్దుకుంటున్నాయి, ఆ ట్యూనింగ్ పని ఇంకా తేలికవుతుంది, నిజమే. గదిని చూసి ముందే తప్పు పట్టడం మాత్రం మనిషి చేయాల్సిన పనిగానే ఉంటుందని నా నమ్మకం.

సాయంత్రాలు, ఆదివారాలు చదువుకి. డాంటే సర్టిఫికేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, చేరకముందే ఈ నెలలో మొదటి లెవెల్ పూర్తి చేయమనండి, అసలు ఈ సబ్జెక్ట్ వాడికి నచ్చుతుందో లేదో కూడా అప్పుడే తెలిసిపోతుంది. గదిలోని పరికరాలని నడిపించే క్యూసిస్ అనే సిస్టమ్ ట్రైనింగ్ కూడా ఆన్‌లైన్‌లో ఉచితమే, అందులో లువా అనే చిన్న భాషలో ప్రోగ్రామ్ రాస్తారు, అలాంటిదే ఇంకో బ్రాండ్ క్రెస్ట్రాన్‌లో అయితే సీ షార్ప్ భాష పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్ కోర్సులకి పెట్టిన డబ్బు వృథా అయిందని బాధపడకండి, కోడింగ్ కాస్త వచ్చినవాడు ఈ లైన్లో ప్రోగ్రామర్‌గా తొందరగా ఎదుగుతాడు. దానితోపాటు సీసీఎన్ఏ (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) స్థాయి నెట్‌వర్కింగ్. రెండో ఏడాదిలో సీటీఎస్ పరీక్ష రాయాలి. అది 2017 దాకా ఇన్ఫోకామ్ అన్న పేరుతో ఉండి తర్వాత అవిక్సాగా మారిన సంస్థ ఇచ్చేది, మూడేళ్ళకోసారి రెన్యూ చేసుకోవాలి, దాని పైన డిజైన్‌కి ఒకటి, ఇన్‌స్టలేషన్‌కి ఒకటి ఉన్నాయి. విదేశీ కంపెనీలకీ ఆ సర్టిఫికెట్ అర్థమవుతుంది. ముంబైలో ఏటా జరిగే ఇన్ఫోకామ్ ఇండియా ప్రదర్శనకి ఒక్కసారైనా వెళ్ళి రమ్మనండి.

18 వేలతో గచ్చిబౌలి వైపు హాస్టల్, తిండి, బండి పెట్రోలు అయ్యాక ఏమీ మిగలదు. మొదటి ఏడాది మీరు కొంత పంపాల్సి రావచ్చు, అది ఇంట్లో ముందే మాట్లాడుకోండి. మొదట్లోనే మంచి జీతంతో 'ఏవీ (ఆడియో విజువల్) సపోర్ట్' ఉద్యోగాలు కూడా కనిపిస్తాయి, థర్డ్ పార్టీ పేరోల్ మీద ఒక పెద్ద కంపెనీ ఆఫీసులో కూర్చుని మీటింగులు కనెక్ట్ చేయడం. ఏసీ గది, షిఫ్ట్ డ్యూటీ, ఒళ్ళు అలవదు. ఫ్రెషర్‌కి నేను అది సలహా ఇవ్వను, అక్కడ మూడేళ్ళున్నా కొత్తది నేర్చుకునే అవకాశం తక్కువ. రెండేళ్ళు సైట్లో రాటుదేలాక అలాంటి పెద్ద కంపెనీలోనే దాని సొంత పేరోల్ మీద వర్క్‌ప్లేస్ టెక్నాలజీ టీమ్‌లోకి వెళ్తే మాత్రం చాలా మంచిది, ఇంటిగ్రేటర్ల దగ్గర నేర్చినవాళ్ళు చాలామంది వెళ్ళేది అటే, లేదంటే పరికరాలు తయారుచేసే కంపెనీల్లోకి, లేదంటే దుబాయ్ వైపుకి. కంపెనీలు బాండ్ పెట్టేది కూడా ఆ భయంతోనే.

ఈ వారంలో హెచ్‌ఆర్‌కి మెయిల్ రాయమనండి, పైన చెప్పిన ప్రశ్నలతో, మర్యాదగా. మీరు ఫోన్ చేయొద్దు, అబ్బాయే రాయాలి. రేపు సైట్లో కస్టమర్‌తో, ఆర్కిటెక్ట్‌తో మాట్లాడాల్సింది వాడే కదా. జవాబు వచ్చాక బాండ్ కాపీతో కలిపి నాకు పంపండి, సంతకం పెట్టే ముందు నేను కూడా ఒకసారి చదువుతాను.