మాత్రలంటే నాకున్న భయంలో నిజమెంత, దురభిప్రాయమెంత?

అడిగిన ప్రశ్న: "మా తమ్ముడికి 22 ఏళ్లు. డిప్రెషన్ అని సైకియాట్రిస్టు ఎస్సిటలోప్రామ్ 10 ఎంజీ, రాత్రికి క్లోనజెపామ్ 0.5 ఎంజీ రాశారు. మాత్రలకు అలవాటు పడిపోతాడని అమ్మానాన్న వద్దంటున్నారు. పైకి నేను డాక్టర్ పక్షాన వాదిస్తున్నా, లోపల నాకూ అదే భయం. నా అభిప్రాయాల్లో ఏది తెలివిడి, ఏది దురభిప్రాయం? తేల్చుకునేదెలా?"

జవాబు:

భయం దగ్గరే మొదలుపెడదాం. అందులో సగం నిజం ఉంది. కాకపోతే అది పడాల్సిన మాత్ర మీద పడలేదు.

మీ చీటీలో ఉన్నవి రెండు వేరే వేరే జాతుల మందులు. క్లోనజెపామ్ వేసిన రాత్రే పనిచేస్తుంది. నిద్ర పడుతుంది, గుండెదడ తగ్గుతుంది. రోజూ వాడితే మాత్రం కొన్ని వారాల్లోనే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది, మొదట సరిపోయిన డోసు తర్వాత చాలదు. ఒక్కసారిగా మానేస్తే నిద్ర పట్టదు, వణుకూ ఆందోళనా వస్తాయి. ఎక్కువ డోసులో చాలా కాలం వాడినవాళ్లకు ఫిట్స్ కూడా రావచ్చు. అందుకే దీన్ని మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలకు రాసి, మెల్లగా తగ్గించి ఆపుతారు.

పొద్దున వేసుకునే ఎస్సిటలోప్రామ్ తీరు దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. మొదటి వారం పది రోజుల్లో కనిపించేవన్నీ ఇబ్బందులే: వికారం, తలనొప్పి, విరేచనాలు, కొందరికి కాస్త కంగారు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఇంకా ఇంకా కావాలన్న యావ గానీ, రోజురోజుకూ డోసు పెంచుకోవాల్సిన అవసరం గానీ దీనితో రావు.

ఇప్పుడు ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించండి. పది రోజులకు అందరి లెక్కా ఒకటే: "రాత్రి మాత్ర మంచిది, హాయిగా పడుకుంటున్నాడు. పొద్దుటి మాత్రతో వాంతులు తప్ప ఒరిగిందేమీ లేదు." పొద్దుటిది ఆపేస్తారు. రాత్రిది మాత్రం పాత చీటీ పట్టుకెళ్లి మెడికల్ షాపులో తెచ్చుకుంటూనే ఉంటారు. ఆర్నెల్ల తర్వాత డిప్రెషన్ అలాగే ఉంటుంది, క్లోనజెపామ్ మాత్రం మానలేని స్థితి వస్తుంది. "చెప్పాంగా, ఈ మాత్రలు అలవాటు చేస్తాయని" అని అమ్మ అంటే ఆవిడ మాట తప్పని కూడా అనలేం! అలవాటు చేసే మాత్రను ఉంచుకుని, చేయనిదాన్ని వదిలేసిన ఫలితం అది. దురభిప్రాయాలు ఇంత గట్టిగా నిలబడేది ఇలాగే. వాటిలో ఎక్కడో ఒక నిజం ముక్క ఉంటుంది. "అదంతా అపోహ" అని మొత్తంగా కొట్టిపారేస్తే ఆ ముక్కే మళ్లీ మొలకెత్తుతుంది.

కాబట్టి మీరు పట్టుబట్టాల్సింది "మాత్రలు వద్దు" అని కాదు, "రాత్రి మాత్ర ఎన్ని రోజులు, ఎప్పటి నుంచి తగ్గిస్తారు?" అని. ఆ తేదీని చీటీ మీదే రాయించుకోండి. ఆ మాత్ర వేసుకుంటున్నన్నాళ్లు మద్యం ముట్టకూడదు. రెండూ కలిస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. 22 ఏళ్ల కుర్రాడికి ఈ మాట అమ్మానాన్న ముందు కాకుండా విడిగా చెప్పండి.

పొద్దుటి మాత్రలోనూ నిజమైన ఇబ్బందులు ఉన్నాయి, దాచక్కర్లేదు. శృంగార వాంఛ తగ్గడం, స్ఖలనం ఆలస్యం కావడం మామూలుగా వచ్చేవే. మగపిల్లలు సిగ్గుపడి చెప్పరు, చెప్పకుండా మాత్ర మానేస్తారు. డోసు తగ్గించో, మందు మార్చో దాన్ని సరిచేయవచ్చు. ఇక ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో తల తిప్పడం, వికారం, చిరాకు, వింత కలలు, తలలో కరెంటు షాకు కొట్టినట్టుండడం రావచ్చు. ఇది వ్యసనం కాదు గానీ, చూసేవాళ్లకు అలాగే కనిపిస్తుంది. జబ్బు తిరగబెట్టడానికీ దీనికీ తేడా పట్టాలంటే రోజులు లెక్కపెట్టండి. ఆపిన రెండు మూడు రోజులకే తల తిప్పుతూ మొదలైతే అది చాలావరకు మందు మానిన ప్రభావం. వారాలూ నెలలూ గడిచాక మళ్లీ దిగులు, నిరాసక్తత మెల్లగా కమ్ముకుంటే జబ్బు తిరిగి వచ్చినట్టు. మొదటిసారి వచ్చిన డిప్రెషన్ అయితే, పూర్తిగా కోలుకున్నాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించి, ఆ తర్వాత డోసు మెట్లుమెట్లుగా దించుతారు. కాబట్టి "జీవితాంతం" అన్న భయానికి మీ తమ్ముడి విషయంలో ఇప్పటికైతే ఆధారం లేదు.

ఇప్పుడు మీ సంగతి. అభిప్రాయాన్ని పరీక్షించడానికి "నేనేం నమ్ముతున్నాను?" అని ప్రశ్నించుకోవడం పెద్దగా పనిచేయదు. చదువుకున్నవాళ్లందరికీ సరైన జవాబు నోటికి వచ్చు. ఏం చేస్తారో ప్రశ్నించుకోండి. 1920ల్లోనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఎమరీ బొగార్డస్ ఇలాంటి ప్రశ్నల వరస ఒకటి తయారుచేశాడు. ఆయన పరిశీలించింది జాతుల మధ్య దూరాన్ని. అదే పద్ధతిని తర్వాత మానసిక జబ్బులకూ వాడారు. మన ఇళ్లకు తగ్గట్టు మారిస్తే ఇలా ఉంటుంది: డిప్రెషన్‌కు మాత్రలు వాడుతున్న మనిషికి మేడ మీద పోర్షన్ అద్దెకిస్తానా? ఆఫీసులో నా టీమ్‌లోకి తీసుకుంటానా? నా పిల్లాణ్ని ఒక పూట వాళ్లింట్లో వదులుతానా? మా అమ్మాయిని ఆ ఇంటికి ఇస్తానా? ఒక్కో దానికి ఐదు సెకన్లలో అవుననో కాదనో రాసేయండి. ఆలోచిస్తూ కూర్చుంటే మర్యాదైన జవాబు వచ్చేస్తుంది. ఎక్కడ "అవును" కాస్తా "కాదు" అయిందో అక్కడ గీత గీసి, కారణం ఒక్క వాక్యంలో రాయండి. ఆ కింద, "ఏం తెలిస్తే నా జవాబు మారుస్తాను?" అన్నదానికి జవాబు రాయండి. ఏమీ రాయలేకపోతే అది అభిప్రాయం కాదు, జంకు.

ఇదే వరసను డిప్రెషన్ స్థానంలో షుగర్ పెట్టి ఒకసారి, స్కిజోఫ్రీనియా పెట్టి ఒకసారి, తాగుడు పెట్టి ఒకసారి చేయండి. "మానసిక రోగి" అని గంపగుత్తగా రాయొద్దు. ఆ మాట వినగానే బస్టాండు దగ్గర చింపిరి జుట్టుతో తిరిగే మనిషి కళ్లముందు నిలుస్తాడు. మనకు కనిపించేది వైద్యం అందనివాళ్లే. మాత్ర వేసుకుని పొద్దున్నే తొమ్మిదికి బయోమెట్రిక్ కొట్టేవాడు మనకు చెప్పడు, కాబట్టి మన లెక్కలోకి రాడు. ఈ జబ్బులున్నవాళ్లంటే ప్రమాదం అన్న భయం చాలావరకు ఇలా తప్పుడు లెక్క మీద నిలబడినదే. వీళ్లలో ఎక్కువమంది ఎవరి జోలికీ పోరు. వైద్యం లేని తీవ్రమైన సైకోసిస్‌కు (లేనివి వినిపించి, కనిపించే స్థితికి) తాగుడో మత్తుమందో తోడైనప్పుడు ప్రమాదం పెరుగుతుంది. దెబ్బలు తినేవాళ్లుగానే వీళ్లు ఎక్కువగా కనిపిస్తారు.

షుగర్‌తో పోల్చే పద్ధతికి ఒక పరిమితి ఉంది. షుగర్‌కు రక్తపరీక్ష ఉంది, డిప్రెషన్‌కు అలాంటిది లేదు, మాట్లాడి తేలుస్తారు. కాబట్టి "ఐదు నిమిషాల్లో ఎలా తేల్చారు?" అని మీకనిపిస్తే అది దురభిప్రాయం కాదు, న్యాయమైన సందేహం. దాన్ని పనికొచ్చే ప్రశ్నలుగా మార్చండి. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, బీ12 చూశారా? వీటిలో తేడాలు కూడా నీరసం, దిగులులా కనిపిస్తాయి. అంతకన్నా ముఖ్యం, ఎప్పుడైనా నాలుగైదు రోజులపాటు రెండు మూడు గంటలే పడుకుని, అలసట లేకుండా, గలగలా మాట్లాడుతూ, డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెట్టాడా? అలా జరిగి ఉంటే డాక్టర్‌కు తప్పక చెప్పాలి. అది బైపోలార్ (దిగులూ ఉన్మాదమూ మార్చి మార్చి వచ్చే జబ్బు) కావచ్చు. అందులో డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే మనిషి మరో కొసకు, ఉన్మాదానికి ఎగిరిపోయే ప్రమాదం ఉంది. ఈ సంగతి రోగికన్నా ఇంట్లోవాళ్లకే బాగా గుర్తుంటుంది.

పెద్దవాళ్ల నమ్మకాల గురించి కొంచెం. "మనోవ్యాధికి మందు లేదు" అనే సామెత వింటూ పెరిగాం. "పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు" అన్నది మొదట ఎగతాళి సామెత. దాని రెండో సగాన్ని మాత్రం మనవాళ్లు వైద్యంగా పట్టుకున్నారు! పెళ్లి డిప్రెషన్‌కు మందు కాదు, కొత్త బాధ్యతలతో తిరగబెట్టనూ వచ్చు. పైగా దాచి చేస్తే, మాత్ర ఎవరి కంటా పడకూడదని కొత్త పెళ్లికొడుకు మొదట చేసే పని దాన్ని మానేయడమే. హైదరాబాద్‌లో "ఎర్రగడ్డ", విశాఖలో "చినవాల్తేరు" అని నవ్వుకోవడం కూడా ఈ కోవలోదే. అవి పనిచేస్తున్న సర్కారీ మానసిక ఆసుపత్రులు. మీ తమ్ముడి పరిస్థితిలో ఉన్నవాళ్లు చాలామంది చేరాల్సిన పనే లేకుండా ఓపీలో చూపించుకుని ఇంటికొస్తారు.

గుడికో దర్గాకో వెళ్తామంటే అడ్డుపడొద్దు. రోజూ పొద్దున్నే లేచి గుడికి నడిచి వెళ్లడం మంచాన పడున్న మనిషికి మేలే చేస్తుంది. గీత గీయాల్సింది మూడు చోట్ల: మాత్ర ఆపమన్నప్పుడు, కొట్టినప్పుడు, కట్టేసినప్పుడు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ఆశ్రమం పాకకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది చనిపోయారు. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది. "రికార్డుల్లోకి ఎక్కుతుంది" అన్న భయం మీ నాన్నగారికి ఉంటే, దానికీ అందులో జవాబుంది. చికిత్స వివరాలను గోప్యంగా ఉంచడం రోగి హక్కు.

మనలాంటి చదువుకున్నవాళ్లకు మన దురభిప్రాయాలు మనకున్నాయి. "మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గింది, అంతే" అన్నది వాటిలో ఒకటి. 2022లో బ్రిటన్ సైకియాట్రిస్టు జోఅన్నా మాంక్రీఫ్ బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను కలిపి పరిశీలించి, డిప్రెషన్‌కు సెరటోనిన్ తగ్గడమే కారణమనడానికి నిలకడైన ఆధారం లేదని తేల్చింది. మాత్ర పనిచేస్తుందా లేదా అన్నది వేరే ప్రశ్న. తలనొప్పికి కారణం ఒంట్లో పారాసిటమాల్ తక్కువై కాదుగా! ఇబ్బంది ఏమిటంటే, "కెమికల్ లోపం" అని చెబితే ఇంట్లోవాళ్లు నింద మానేస్తారు గానీ, "అయితే ఇక వీడింతే" అన్న నిరాశ పెరుగుతుంది. "జబ్బు వచ్చింది, చాలామందికి నయమవుతుంది, టైమ్ పడుతుంది" అని చెప్పడం ఎక్కువ నిజం, ఎక్కువ ఉపయోగం.

మరో నమ్మకం మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది: "చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టిస్తాం" అన్నది. పుట్టదు. ఇన్నాళ్లకు ఒకరు అడిగారని మనసు తేలికపడేవాళ్లే ఎక్కువ. డొంకతిరుగుడు వద్దు. ఇద్దరే ఉన్నప్పుడు, "చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలా అని ఏమైనా అనుకున్నావా?" అని సూటిగా అడగండి. అవునంటే ఉపన్యాసం ఇవ్వకుండా వినండి, ఒంటరిగా వదలొద్దు, అదే రోజు డాక్టర్‌కు చెప్పండి. 25 ఏళ్ల లోపు వాళ్లలో ఈ రకం మాత్రలు మొదలుపెట్టిన, డోసు మార్చిన తొలి వారాల్లో ఇలాంటి ఆలోచనలు పెరగవచ్చని హెచ్చరిక ఉంది. అది మాత్ర మానడానికి కారణం కాదు, వారానికి రెండుసార్లు అడగడానికి కారణం. పురుగుమందు డబ్బాలుంటే ఇంట్లోంచి తీసేయండి, మాత్రల షీట్లు మీ దగ్గర పెట్టుకుని ఏ రోజువి ఆ రోజు ఇవ్వండి. రాత్రిపూట ఎవరూ అందకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రాణాపాయం కనిపిస్తే ఫోన్లతో కాలయాపన చేయకుండా దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

కౌన్సెలింగ్ చాలదా అని అమ్మ అడుగుతారు. తేలికపాటి డిప్రెషన్‌కు చాలాసార్లు చాలుతుంది. మధ్యస్థం, తీవ్రం అయితే రెండూ కలిపితే మేలు. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం ఉంది. గత రెండు వారాల గురించి ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పది, ఆపైన వస్తే మధ్యస్థం కింద, 20, ఆపైన వస్తే తీవ్రం కింద లెక్క. దాంతో జబ్బును నిర్ధారించేయొద్దు గానీ, రెండు వారాలకోసారి తమ్ముడే నింపితే మాత్ర పనిచేస్తోందో లేదో మీ భయాన్నీ అమ్మ భయాన్నీ పక్కనపెట్టి చెప్పగలిగే అంకె అదొక్కటే. నింపిన కాగితాలన్నీ తేదీ వేసి, తర్వాతిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు చీటీతో పాటు పట్టుకెళ్లండి. కుదిరితే అమ్మను కూడా లోపలికి తీసుకెళ్లి, రాత్రి మాత్ర ఎప్పుడు ఆపుతారో ఆవిడనే అడగనివ్వండి.