'హార్డ్‌లీ' అంటే కష్టపడి అని కాదమ్మా!

ప్రశ్న: మాస్టారూ, ఇంటర్వ్యూలో 'ఐ వర్క్ హార్డ్‌లీ' అన్నాను. ఎదురుగా కూర్చున్నవాళ్లు నవ్వేశారు. విశేషణానికి 'లీ' చేరిస్తే క్రియా విశేషణమనే కదా చదువుకున్నాం?
- ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: 'హార్డ్‌లీ' అంటే దాదాపు లేదని అర్థం. నువ్వు పనే చేయనని చెప్పుకొచ్చావన్నమాట! హార్డ్, ఫాస్ట్ విశేషణంగా వచ్చినా, క్రియా విశేషణంగా వచ్చినా అలాగే ఉంటాయి; 'ఐ వర్క్ హార్డ్' అనాలి. 'ఫ్రెండ్లీ'కి చివర లీ ఉన్నా అది విశేషణమే.

అసలు చిక్కు మన తెలుగు తెచ్చేది. 'అయిన' వస్తే విశేషణం, 'గా' వస్తే క్రియా విశేషణం అని నేనూ ముప్పై ఏళ్లు క్లాసులో చెప్పాను. 'నెమ్మదిగా నడిచింది' దగ్గర సరిపోతుంది. మరి 'కైలాసగిరి మీంచి సముద్రం అందంగా కనిపిస్తుంది' అన్నప్పుడు? 'గా' ఉంది కదా అని 'లుక్స్ బ్యూటిఫుల్లీ' అంటే తప్పు. అందం సముద్రానిది, కనిపించడానిది కాదు. అందుకే 'లుక్స్ బ్యూటిఫుల్'. స్మెల్, టేస్ట్ లాంటి మాటలు ఇలా వచ్చినప్పుడు గుణం వస్తువుదా, పనిదా అని అడుగు. వంజరం వేపుడు 'టేస్ట్స్ గుడ్'. వండే మా ఆవిడ 'కుక్స్ వెల్'. ఈ ముక్క ఇంట్లో చదివి వినిపించాకే పంపుతున్నాను.