టెక్ సందేహాలు: వెనక ‘ఆటోమేటిక్’ అని రాసి ఉంటే చాలదు

ఈ వారం ప్రశ్న ప్రొద్దుటూరు నుంచి వచ్చింది. “మాది తెల్ల రంగు చిన్న కారు సార్, ఆటోమేటిక్. 60 వేల కిలోమీటర్లు తిరిగింది. రాయచోటికి పోతూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కినా ఒక క్షణం ఆగి, ఆ తర్వాత కుదుపుతో లాగుతోంది. ఒక మెకానిక్ ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పోసే ద్రవం) మార్చాలన్నాడు, ఇంకొకతను గేరాయిల్ చాలన్నాడు. ఒక యాప్‌లో కారు నంబరు కొడితే ఐదున్నర లీటర్లు పడుతుందని చూపించింది. బానెట్ ఎత్తి వెతికితే దాని మట్టం చూసే పుల్ల, డిప్‌స్టిక్, లేనే లేదు. 400 రూపాయలు పెట్టి, కారు కంప్యూటరులోని సమాచారం ఫోన్‌లో చూపే బ్లూటూత్ ఓబీడీ పరికరం కొన్నాను. దాంతో ఆయిల్ మట్టం, వేడి చూసుకోవచ్చా?”

ఊర్లు మారి ఇదే ప్రశ్న ఈ ఎండాకాలంలో ఆదోని నుంచీ హిందూపురం నుంచీ కూడా వచ్చింది కాబట్టి అందరికీ కలిపి జవాబు రాస్తున్నాను. కారు రంగు రాసిన పాఠకుడు అందులో ఉన్నది ఏ రకం ఆటోమేటిక్కో మాత్రం రాయలేదు. ఇద్దరు మెకానిక్‌లు రెండు మాటలు చెప్పడానికి మూలం కూడా అక్కడే ఉంది. మన రోడ్ల మీద ఆ ఒక్క పేరుతో తిరిగే చిన్న కార్లలో నాలుగు వేర్వేరు యంత్రాలు ఉన్నాయి. ఏఎంటీ అంటే మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, కాకపోతే క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మోటార్లో హైడ్రాలిక్ పరికరాలో చేస్తాయి. కనుక అందులో పడేది గేరాయిలే. ఇంజిన్ శక్తిని ద్రవం ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ ఉన్న పాత తరహా ఆటోమేటిక్‌కు ఏటీఎఫ్ కావాలి. సీవీటీలో గేర్లకు బదులు రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు నడుస్తుంది, అది జారకుండా పట్టు నిలిపే గుణం దాని సొంత ద్రవానికే ఉంటుంది. రెండు క్లచ్‌ల డీసీటీ లెక్క మళ్లీ వేరు. లివర్ దగ్గర ‘పి’ అన్న అక్షరం లేకుండా ఆర్, ఎన్, డి, ఎం మాత్రమే ఉంటే మీది దాదాపుగా ఏఎంటీ. అప్పుడు గేరాయిలన్న మెకానిక్ ఆయిల్ విషయంలో సరిగానే చెప్పినట్టు, కానీ ఆయిల్ మార్చినంత మాత్రాన ఆ కుదుపు పోదు. అది ఎక్కువగా అరిగిన క్లచ్ వల్లనో, క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటరుకు మళ్లీ నేర్పించకపోవడం వల్లనో వస్తుంది.

సీవీటీలో మామూలు ఏటీఎఫ్ పోస్తే జరిగే నష్టం వెంటనే కనబడదు. కారు బండలా కదలకుండా నిలబడిపోతే మనిషి జాగ్రత్త పడతాడు, కానీ ఇది వందల కిలోమీటర్లు బాగానే నడుస్తుంది. ఆ లోపల బెల్టు కొద్దికొద్దిగా జారి పుల్లీ ముఖం మీద గీతలు పడతాయి, గీతలు పడిన పుల్లీని ఏ ఆయిలూ బాగు చేయదు. గేరాయిల్‌లోనూ ఇలాంటి ఉచ్చు ఉంది. డబ్బా మీద గేరాయిల్ రకాన్ని చెప్పే గుర్తుల్లో జీఎల్-5 అంటే జీఎల్-4 కంటే ‘ఒక నంబరు పైది’ అనుకుని అడిగి మరీ పోయించుకునేవారు ఉన్నారు. జీఎల్-5ను హైపాయిడ్ గేర్ల (వెనక చక్రాలు నడిపే బండ్ల ఇరుసులో ఉండేవి) ఒత్తిడి కోసం తయారు చేశారు. అందులో గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు ఎక్కువ. గేరు పడేటప్పుడు వేగాలు కలిపే ఇత్తడి సింక్రోనైజర్ రింగులకు అవి గిట్టకపోవచ్చు. పైగా ఆ రింగులు పని చేయాలంటే కొంత రాపిడి ఉండాలి, ఆయిల్ మరీ జారుడుగా ఉన్నా గేరు పడదు. డబ్బా మీద చిక్కదనం చెప్పే 75డబ్ల్యు-90 అంకెను ఇంజినాయిల్ అంకెలతో పోల్చకండి, అది వేరే కొలమానం. వేడెక్కాక ఆ 90, ఇంజినాయిల్ 40కి దగ్గరగానే ఉంటుంది.

ఇక ‘అన్ని వాహనాలకూ సరిపోతుంది’ అన్న డబ్బాలు. సరిపోతుందని అమ్మేవాడు చెప్పుకోవడం వేరు, కారు తయారీదారు పరీక్షించి ఆమోదించడం వేరు. ఏటీఎఫ్‌కు జనరల్ మోటార్స్ పెట్టిన డెక్స్‌రాన్-3 ప్రమాణానికి లైసెన్సులు ఇవ్వడం 2006తోనే ఆగిపోయింది, అయినా ఆ పేరు డబ్బాల మీద ఇంకా బతికే ఉంది. “ఏం గాదు సార్, అన్నిటికీ ఇదే పోస్తాం” అన్న మాట విన్నారంటే కారు తాళం తిరిగి తీసుకోండి. రంగును బట్టి పోల్చుకోవడమూ పనికిరాదు. ఏటీఎఫ్ చాలావరకు ఎర్రగా ఉంటుంది గానీ ఆ ఎరుపు కలిపిన రంగు, అంతకు మించి దానికి అర్థం లేదు. నమ్మదగినది ఓనర్స్ మాన్యువల్ చివర్లో ఉండే పట్టిక ఒక్కటే.

కొలత సంగతి. యాప్ చెప్పిన ఐదున్నర లీటర్లు పొడి గేర్‌బాక్స్‌కు, అంటే పూర్తిగా విప్పి కట్టినదానికి, పట్టే పరిమాణం అయి ఉండవచ్చు. డ్రెయిన్ బోల్టు తీసినప్పుడు అంతా రాదు, టార్క్ కన్వర్టర్‌లోనూ సన్న దారుల్లోనూ చాలా భాగం మిగిలిపోతుంది. కాబట్టి కారినదాన్ని గీతలున్న జగ్గులో కొలిచి, మొదట అంతే కొత్తది పోయాలి. ఆ రెండు కొలతలూ ఒకే వేడి దగ్గర జరగాలి. నూనె డిగ్రీకి సుమారు 0.07 శాతం వ్యాకోచిస్తుంది కనుక నాలుగు లీటర్లలో 50 డిగ్రీల తేడాకు 140 మిల్లీలీటర్ల తప్పు వస్తుంది. ఆ తర్వాత అసలు మట్టం చూసి సరిచేయాలి. మాన్యువల్, ఏఎంటీ గేర్‌బాక్స్‌లలో సాధారణంగా పక్కనున్న ఫిల్లర్ రంధ్రం కింది అంచుకు నూనె అందితే చాలు. డ్రెయిన్ బోల్టు కంటే ముందు ఫిల్లర్ బోల్టు వదులు చేయాలన్నది నేను డబ్బు పెట్టి నేర్చుకున్న పాఠం: ఒకసారి ఆయిలంతా వదిలాక పై బోల్టు తుప్పుకు బిగుసుకుపోయి, నా కారు రెండు రోజులు దిమ్మెల మీదే ఉండిపోయింది.

డిప్‌స్టిక్ లేని ఆటోమేటిక్‌లలో చాలావాటికి అడుగున, మట్టానికి మించిన నూనె బయటికి పోయే పొర్లు గొట్టం ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా, లివర్‌ను అన్ని స్థానాలకూ తిప్పి ‘పి’లో పెట్టి, నూనె వేడి మాన్యువల్ చెప్పిన హద్దులో ఉన్నప్పుడు అడుగు బోల్టు తీస్తే సన్నటి ధార బొట్లుగా మారే చోట మట్టం సరిపోయినట్టు. ఆ హద్దు చాలా కార్లలో 35 నుంచి 45 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. చల్లటి దేశంలో కూర్చుని రాసిన సంఖ్య అది. మే నెలలో కడపలో మధ్యాహ్నం ఎండన నిలిపిన కారులో ఇంజిన్ స్టార్ట్ చేయకముందే నూనె ఆ పై హద్దును తాకుతుంది, ర్యాంపు ఎక్కించేలోపు దాటిపోతుంది. వేడికి వ్యాకోచించిన నూనెలో కొంత బయటికి పొర్లిపోతుంది, బోల్టు బిగించాక మట్టం తక్కువే మిగులుతుంది. తక్కువైతే పంపు గాలి పీల్చి, మీరు చెప్పిన ఆ క్షణం ఆలస్యమే మొదలవుతుంది. ఎక్కువైతే తిరిగే భాగాలు నూనెను చిలికి నురగ చేస్తాయి, ఫలితం అలాంటిదే. కారు సమతలంగా ఉందో లేదో ఫోన్‌లోని మట్టం యాప్‌తో చూసేవారు ఫోన్‌ను వెల్లకిలా పెట్టకండి. వెనక కెమెరా ఉబ్బు వల్ల ఫోనే వాలి ఉంటుంది. పక్క అంచు మీద నిలబెట్టి చూడండి, లేదా మేస్త్రీని అడిగి రసమట్టం తెచ్చుకోండి. కారు కింద దూరడం మాత్రం ర్యాంపు మీద తప్ప జాకీ మీద ఎప్పుడూ వద్దు.

ఇప్పుడు ఆ 400 రూపాయల పరికరం. నన్ను నిజంగా భయపెట్టేది గేరాయిల్ కాదు, ఇదే. ముందు అది మీ పనికి వస్తుందో రాదో చెబుతాను: మట్టాన్ని అది చూపించలేదు. ట్రాన్స్‌మిషన్ వేడి కూడా చాలా కార్లలో తయారీదారు సొంత కోడ్‌లో ఉంటుంది, మామూలు యాప్ చూపే అంకె కొన్నిసార్లు ఇంజిన్ కూలెంట్‌దే. ఇలాంటి చవక పరికరాల్లో చాలావాటి మీద లోపలి చిప్ పేరుగా ఈఎల్ఎం 327 వెర్షన్ 1.5 అని ఉంటుంది. అసలు చిప్‌కు ఆ వెర్షన్ ఎన్నడూ రాలేదు. అది నకలు అని చెప్పుకోవడానికి ఆ అంకె ఒక్కటే చాలు.

స్టీరింగ్ కింద దాన్ని గుచ్చే 16 పిన్నుల సాకెట్ కారు లోపలి నెట్‌వర్క్‌కు తలుపు లాంటిది. 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది, అందుకే తాళం తీసి ఇంటికి వెళ్లినా ఆ పరికరం, అంటే డాంగిల్, మేలుకునే ఉంటుంది. ఫోన్‌తో జత కలిపే రహస్య సంఖ్య సాధారణంగా 1234 లేదా 0000. కొన్నిటికి అదీ లేదు. అంటే అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పక్క కారులో కూర్చున్న వ్యక్తి మీ కారుతో మాట్లాడవచ్చు. ఇది ఊహ కాదు. 2015లో శాన్ డియెగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక కారుకు గుచ్చిన డాంగిల్‌కు ఎస్సెమ్మెస్‌లు పంపి వైపర్లు తిప్పించారు, నెమ్మదిగా పోతున్నప్పుడు బ్రేకులు పడకుండా కూడా చేశారు. అంతకన్నా దగ్గరి ప్రమాదం ఫోన్‌లోకి వస్తుంది. డబ్బాలోని కాగితం మీది క్యూఆర్ కోడ్ ప్లే స్టోర్‌కు కాక నేరుగా ఒక ఏపీకే ఫైలుకు (స్టోర్ బయట నుంచి యాప్ ఎక్కించే ఫైలు) తీసుకుపోతే అక్కడే ఆగండి. ఆయిల్ వేడి చూపే యాప్‌కు ఎస్సెమ్మెస్‌లు, కాంటాక్టులు, తెర మీదున్నది చదివే యాక్సెసిబిలిటీ అనుమతి దేనికి? ఎస్సెమ్మెస్ అనుమతి ఇస్తే మీ బ్యాంకు ఓటీపీ చదివే కంటిని మీరే అమర్చినట్టు. చలానా పేరుతో వాట్సాప్‌లో తిరిగే ఏపీకేలు చేసేది ఇదే పని. కారు నంబరు తీసుకుని లీటర్లు చెప్పిన మీ యాప్ ఆ నంబరును మీ ఫోన్ నంబరుతో కలిపి దాచుకుందో లేదో కూడా చూడండి. ఇప్పటికే అలాంటి అనుమతి ఇచ్చి, ఖాతాలో డబ్బు కదిలి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇంత తిప్పలకూ కారణం వాడేవాళ్ల అజాగ్రత్త ఒక్కటే కాదు. జానెడు ఇనుప పుల్లను తీసేసి, దాని బదులు డీలరు దగ్గరి స్కానర్ మెనూలో వేడిని దాచిపెట్టి, ఆపైన ‘జీవితకాలం సరిపడా ఆయిల్’ అని మాన్యువల్‌లో రాసిన తయారీదారులే మనుషులను ఈ 400 రూపాయల డాంగిల్ దగ్గరికి తోలారు. ఎవరి జీవితకాలమో అందులో రాయరు. ఎండలో, ఘాట్లలో, సరుకుతో తిరిగే కారును ‘కఠిన వాడకం’ కిందకు చేర్చి, మార్చాల్సిన గడువు తగ్గించే వరుస అదే మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. రాయలసీమలో ఏ కారు వాడకం కఠినం కాదో నాకు తెలియదు.

ప్రొద్దుటూరు పాఠకుడు డాంగిల్ తీసి డ్రాయరులో వేసి, యాప్ తొలగించి, లివర్ దగ్గర ‘పి’ ఉందో లేదో చూడాలి. లేకపోతే క్లచ్ చూపించుకోవాలి. ఉంటే రాత్రంతా నీడన నిలిపిన కారును తెల్లవారి ఆరు గంటలకే, సరైన స్కానర్ ఉన్న షెడ్డులో ర్యాంపు ఎక్కించాలి. పోయబోయే డబ్బా మీది పేరును మాన్యువల్ పట్టికతో అక్షరం అక్షరం పోల్చాకే మూత తీయనివ్వాలి.