ఫీజు తక్కువ కాలేజీయే చవకా?

ప్రశ్న: మా అమ్మాయికి బీఎస్సీ నర్సింగ్‌లో రెండు చోట్ల సీటు వచ్చింది. ఒక కాలేజీ ఫీజు రెండోదానిలో సగమే, కానీ దానికి సొంత ఆసుపత్రి లేదు. రెండోది పెద్ద ఆసుపత్రికి అనుబంధం. అక్కడ చేర్చాలంటే అప్పు తప్పదు. చదువయ్యాక తను విదేశం వెళ్తానంటోంది. ఎక్కడ చేర్చమంటారు?

జవాబు: మీరు ఏడాది ఫీజులు పక్కపక్కన పెట్టి చూస్తున్నారు. అమ్మాయి నర్సుగా రిజిస్ట్రేషన్ తెచ్చుకుని మొదటి జీతం అందుకునే రోజు వరకు అయ్యే ఖర్చంతా ఒక కాగితం మీద రాయండి. హాస్టల్, యూనిఫాం, పరీక్ష ఫీజులు అందరూ రాస్తారు. మర్చిపోయేది రానుపోను ఖర్చు. సొంత ఆసుపత్రి లేని కాలేజీ పిల్లల్ని క్లినికల్ పోస్టింగ్‌లకు, అంటే వార్డులో రోగుల దగ్గర పని నేర్చుకోవడానికి, బయటి ఆసుపత్రులకు పంపుతుంది. బస్సు కాలేజీదేనా, చార్జీలు మీరే పెట్టుకోవాలా? ఇది తేలాక కూడా ఆ ఫీజు సగంగానే కనిపిస్తుందేమో చూడండి.

డబ్బు కంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. ఒకే వార్డుకి మూడు కాలేజీల పిల్లలు వస్తే ఇంజెక్షన్ చేసేది ఒకరు, చూసేది పదిమంది. పోస్టింగ్ ఏ ఆసుపత్రిలో, అక్కడ ఎన్ని పడకలు, ఒక్కో ట్యూటర్ కింద ఎంతమంది అని అడగండి. ప్రిన్సిపాల్‌ని కాదు, మూడో ఏడాది పిల్లల్ని.

విదేశం అన్నారు కాబట్టి వార్డులో ఎన్ని గంటలు శిక్షణ దొరుకుతుందన్నది మీకు మరీ ముఖ్యం. ఐరోపా యూనియన్ నిబంధన ప్రకారం జనరల్ నర్సు చదువు కనీసం 3 ఏళ్లు, 4,600 గంటలు ఉండాలి. అందులో సగానికి తగ్గకుండా క్లినికల్ శిక్షణే. అమెరికాలో నర్సు లైసెన్సుకి ఎన్‌క్లెక్స్ అనే పరీక్ష పాసవ్వాలి. దరఖాస్తు సమయంలో ఏ విభాగంలో ఎన్ని గంటలు చేశారో చూపే ట్రాన్‌స్క్రిప్ట్, అంటే కాలేజీ ఇచ్చే చదువు రికార్డు, అడగడం మామూలే. వార్డులో చేసిన పని కాగితం మీదికి రాకపోతే తర్వాత ఎవరూ రాసివ్వలేరు. రోగి బదులు బొమ్మలపై నేర్పే సిమ్యులేషన్ ల్యాబ్‌ని తీసిపారేయను. మంచి శిక్షకులుంటే క్లినికల్ గంటల్లో సగం వరకు బొమ్మలపై చేయించినా ఫలితాలు తగ్గలేదని 2014లో అమెరికాలో వచ్చిన పెద్ద అధ్యయనం తేల్చింది. కాకపోతే ల్యాబ్ తిప్పి చూపించి వార్డు ఊసెత్తని కాలేజీ అంటే నాకు అనుమానం.

ఇక అప్పు. ఏటా 25 చొప్పున నాలుగేళ్లలో 100 తీసుకున్నారనుకోండి, వడ్డీ 10 శాతం. చదువు సాగినన్నాళ్లూ ఏమీ కట్టకపోతే బారువడ్డీ లెక్కలోనే అది 125 అవుతుంది. చక్రవడ్డీ అయితే 127 దాటుతుంది. అందుకే ఏ నెల వడ్డీ ఆ నెలే కట్టేయగలరా చూడండి. కట్టగలిగితే ఈఎంఐ మొదలయ్యే రోజుకి అసలే మిగులుతుంది. ఆ ఈఎంఐని విదేశీ జీతంతో పోల్చకండి, వీసా ఎప్పుడొస్తుందో ఎవరి చేతిలోనూ లేదు. ఇక్కడి మొదటి జీతంలో అది ఐదో వంతు దాటితే నేను వద్దంటాను.

అనుబంధ ఆసుపత్రి ఉన్నచోట బాండ్, అంటే చదువయ్యాక కొన్నాళ్లు అక్కడే పనిచేయాలన్న ఒప్పందం, ఉందేమో అడగండి. ఇది కొత్త సంగతేం కాదు. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ పెట్టిన నర్సింగ్ స్కూల్లోనూ బస, భోజనం, కొద్దిపాటి భత్యం ఇచ్చి, చదువయ్యాక కొన్నేళ్లు చెప్పినచోట పనిచేయాలన్నారు. ఫీజు తగ్గించి, జీతమిస్తూ ఒక ఏడాది ఉండమంటే మంచిదే, విదేశానికి అనుభవం కూడా అవుతుంది. ఫీజంతా కట్టించుకుని మళ్లీ బాండ్ అంటే మాత్రం ఒప్పుకోకండి. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, సర్టిఫికెట్లు ఆపుతారా అన్నది రాతలో తీసుకోండి.

నా ఓటు రెండోదానికే, ఈఎంఐ ఆ ఐదో వంతు లోపు వస్తేనే. రాకపోతే మొదటి కాలేజీయే, పోస్టింగ్‌లు మంచి ఆసుపత్రిలో ఉంటే. అడ్వాన్సు కట్టే ముందు మాత్రం, ఏ కాలేజీ అయినా సరే, దాని పేరు నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో ఈ ఏడాదికి ఉందో లేదో మీరే చూసుకోండి. బ్రోషర్‌లో ఉందని వదిలేయకండి.