పాత క్యాసెట్ డెక్‌లో మోటరు తిరుగుతోంది, టేపు కదలడం లేదు. ఏం చేయాలి?

అనంతపురం ఎండలకు ఏళ్ల తరబడి మూలన పడున్న డెక్ అయితే మోటరు నుంచి టేపును నడిపే చక్రానికి తిప్పుడు అందించే బెల్టు రబ్బరు తారులా కరిగి పుల్లీకి (బెల్టు పట్టే గాడి చక్రానికి) అంటుకుని ఉంటుంది. ముందు ప్లగ్గు పీకేయండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో ఫ్లైవీల్ (టేపును నడిపే బరువైన చక్రం) అంచు, మోటరు పుల్లీ గాడి తుడవండి, దూదికి నల్లమరక అంటడం ఆగేదాకా. ఇక్కడ తొందరపడితే కొత్త బెల్టు జారి పాట ఊగుతుంది.

పాత బెల్టు కొలత నమ్మకండి, సాగి ఉంటుంది. పుల్లీల చుట్టూ దారం వేసి కొలిచి, అంతకంటే సుమారు 5 శాతం తక్కువ చుట్టుకొలతది కొనండి. మరీ బిగుతైతే మోటరు బుష్ (ఇరుసు తిరిగే చిన్న గొట్టం) అరుగుతుంది. చదును బెల్టున్న చోట చదునుదే వేయాలి. వేళ్ల జిడ్డు తగలనీయొద్దు. వేగం తేడా వస్తే 3000 హెర్ట్జ్ స్వరం రికార్డు చేసిన టెస్ట్ టేపు పెట్టి, ఆ స్వరం సరిగ్గా అంతే వచ్చేదాకా చాలా డెక్‌లలో మోటరు వెనక రంధ్రంలో ఉండే స్క్రూను కొద్దికొద్దిగా తిప్పండి.