చేతినిండా పని ఉన్నా స్టూడియోలో డబ్బు ఎందుకు మిగలదు?

మీరు అడిగింది ఇదీ: ఐదుగురున్న డిజైన్ స్టూడియో, చేతినిండా పని, క్లయింట్లు మెచ్చుకుంటున్నారు, అయినా జీతాలిచ్చాక ఏమీ మిగలడం లేదు. రేట్లు పెంచాలా, ఒకరిని తగ్గించాలా, ఇంకో పెద్ద క్లయింట్‌ని పట్టాలా?

ఈ మూడింటిలో ఏదీ ఇప్పుడే చెయ్యకండి. మీ స్టూడియోలో ఒక గంట పనికి అసలెంత ఖర్చవుతోందో ముందు లెక్కకట్టండి. తర్వాత, ఒప్పుకున్న పనికీ చివరికి చేసిచ్చిన పనికీ మధ్య ఎన్ని గంటలు పోతున్నాయో చూడండి. పని బాగా చేసే స్టూడియోలు నష్టపోయేది ఎక్కువగా అక్కడే.

గంట ఖర్చు ఇలా తీస్తారు. ఏడాదికి 52 వారాలు, వారానికి 5 రోజులు, మొత్తం 260. పండగలు, సెలవులు, ఒంట్లో బాగోని రోజులు కలిపి 35 తీసేస్తే 225 రోజులు. రోజుకి 8 గంటల చొప్పున మనిషికి 1,800 గంటలు. ఐదుగురికి 9,000. చాలామంది మొత్తం ఖర్చుని ఈ 9,000తో భాగించి రేటు వేస్తారు. తప్పు అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఇందులో క్లయింట్‌కి బిల్లు వెయ్యగలిగే గంటలు కొన్నే. ముగ్గురు డిజైనర్లకి 75 శాతం వేసుకుంటే 4,050 గంటలు. స్టూడియో నడిపేవారికి 40 శాతం, అంటే 720. ప్రాజెక్టులు చూసుకునేవారికి 30 శాతం, 540. కలిపితే 5,310. అంటే ఉన్న గంటల్లో 59 శాతమే అమ్మకానికి పనికొస్తున్నాయి. చిన్న స్టూడియోకి ఇది మంచి అంకే, తక్కువేం కాదు.

మీ కరెన్సీ ఏదైనా సరే, ఏడాది మొత్తం ఖర్చు 53,10,000 అనుకుందాం. మీ సొంత జీతం, అద్దె, సాఫ్ట్‌వేర్, కంప్యూటర్ల తరుగు, అకౌంటెంట్ ఫీజు అన్నీ ఇందులో ఉండాలి. యజమాని తన జీతం వేసుకోకుండా తీసిన గంట ఖర్చు నిజమైన ఖర్చు కాదు. దీన్ని 5,310తో భాగిస్తే గంటకి 1,000. అదే 9,000తో భాగిస్తే 590 వస్తుంది. 590 చూసుకుని 700కి కోట్ (పనికి ముందే రాసిచ్చే ధర) ఇచ్చినవారు గంటకి 110 మిగిలిందనుకుంటారు. నిజానికి అమ్మిన ప్రతి గంటకీ 300 పోతోంది. ఆ 5,310 గంటలూ అమ్ముడుపోయినా నష్టం తీరదు. ‘పని ఉంది, డబ్బు లేదు’ అనే పరిస్థితికి చాలాచోట్ల ఇదే మూలం.

20 శాతం లాభం కావాలంటే 1,000 మీద 20 శాతం కలిపి 1,200 అని వెయ్యకండి. 1,200లో 200 అంటే 16.7 శాతమే. 1,000ని 0.8తో భాగించాలి, 1,250 వస్తుంది. చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ ఏడాది మొత్తం గంటల మీద 50 చొప్పున వేసి చూడండి.

ఈ శాతాలు ఊహించి వేసుకుంటే లాభం లేదు, టైమ్‌షీట్ కావాలి. పావుగంటల లెక్కన, ఏ రోజుది ఆ రోజే రాయాలి. శుక్రవారం సాయంత్రం కూర్చుని వారం మొత్తం నింపితే అది ఊహే అవుతుంది. విభాగాలు ఆరు చాలు: కాన్సెప్ట్, తయారీ, మార్పులు, మీటింగులూ మెయిళ్లూ, ఫైళ్ల పని, కొత్త పని కోసం పిచ్‌లు. ఇరవై విభాగాలు పెడితే అందరూ మొదటిదాన్నే టిక్ చేస్తారు. ఇంకొకటి, దీన్ని మనుషుల్ని నిలదీయడానికి వాడకండి. వాడిన మరుసటి వారం నుంచి అందరివీ రోజుకి సరిగ్గా ఎనిమిది గంటలు కనిపిస్తాయి, మీకు కావలసిన సమాచారం మాత్రం ఉండదు. ‘మార్పులు’ విభాగంలో ఏ క్లయింట్ దగ్గర ఎన్ని గంటలు పడ్డాయి? టైమ్‌షీట్‌ని అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఆదాయం చూసుకునేటప్పుడు కూడా ఒక జాగ్రత్త. క్లయింట్ తరఫున మీరు కట్టే ప్రింటింగ్, స్టాక్ ఫోటోలు, వాయిస్ ఓవర్, బయటి ఫోటోగ్రాఫర్ డబ్బులు మీవి కావు, మీ ఖాతా గుండా వెళ్తాయంతే. అవి తీసేశాక మిగిలినదే అసలు ఆదాయం. అందులో జీతాలు 50 నుంచి 55 శాతం, ఇతర ఖర్చులు 20 నుంచి 25 శాతం లోపు ఉంటే స్టూడియో ఆరోగ్యంగా ఉన్నట్టు. జీతాలు 65 దాటితే మనుషులు ఎక్కువయ్యారని వెంటనే అనుకోకండి. ఎక్కువసార్లు కారణం ఉచితంగా చేసిన పనే.

ఇప్పుడు ఆ ఉచిత పని సంగతి. లోగో, మూడు సైజుల ప్యాకేజింగ్ కలిపి 120 గంటలని అంచనా వేశారనుకుందాం. 1,250 చొప్పున కోట్ 1,50,000. ఖర్చు 1,20,000, మిగిలేది 30,000. ఒక విడత మార్పులంటే డిజైనర్ కూర్చునే 6 గంటలే కాదు. మెయిళ్లు, ఫోన్లు గంటన్నర. మూడు సైజుల్లోనూ అదే మార్పు చేసి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చెయ్యడం 2 గంటలు. అక్షరదోషాలు, రంగులు, అంచుల దగ్గర వదిలిన 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపు కోసం డిజైన్‌ని అంచు దాటించి ఉంచే భాగం) మళ్లీ సరిచూడటం గంటన్నర. మొత్తం 11 గంటలు. ఒప్పందంలో లేని విడతలు మూడు వస్తే 33 గంటలు, అంటే 33,000. లాభం పోగా ఇంకో 3,000 చేతినుంచి పడుతుంది. మంచి పేరుతో ముగిసిన ప్రాజెక్టు, లెక్కలో నష్టం.

అందుకే కోట్‌లో ‘ప్యాకేజింగ్ డిజైన్’ అని ఒక్క మాట రాసి వదలకండి. ఏ వస్తువు, ఎన్ని సైజులు, ఎన్ని భాషలు, ఏ ఫైల్ ఫార్మాట్లు, ఏవి ఇందులో లేవు అని విడివిడిగా రాయండి. ‘ఇందులో లేనివి’ అన్న భాగం అన్నిటికంటే ముఖ్యం: కంటెంట్ రాయడం, అనువాదం, ఫోటో రీటచింగ్, ప్రింటర్ దగ్గరికి వెళ్లి చూడటం, సోషల్ మీడియా సైజులు. మార్పులు రెండు విడతలు చాలు, కానీ విడత అంటే ఏంటో రాయాలి. ‘అందరి అభిప్రాయాలూ కలిపి, ఒకే డాక్యుమెంట్‌లో, క్లయింట్ తరఫున పేరు రాసిచ్చిన ఒక్క వ్యక్తి పంపితే అది ఒక విడత’ అని. ఈ వాక్యం లేకపోతే సోమవారం మార్కెటింగ్ వాళ్లు నీలం అంటారు, బుధవారం సేల్స్ వాళ్లు ఎరుపు అంటారు, శుక్రవారం ‘మా పెద్దాయన ఇంకా చూడలేదండీ’ అని ఫోన్ వస్తుంది. చివర్లో వచ్చే ఆ పెద్దాయనే మార్పుల్లో సగానికి కారణం. తుది నిర్ణయం ఎవరిదో వారు మొదటి బ్రీఫ్ మీటింగ్‌లో (క్లయింట్ తనకేం కావాలో చెప్పేది), కాన్సెప్ట్ చూపించే రోజున తప్పకుండా ఉండాలని పట్టుబట్టండి. ఆయనకి కుదరకపోతే తేదీ జరపండి, ఆయన లేకుండా చూపించకండి.

ఎక్కువ ఆప్షన్లు చూపిస్తే క్లయింట్ సంతోషిస్తారనుకోవడం కూడా చేటు. నాలుగు చూపిస్తే మొదటిదాని అక్షరాలు, మూడోదాని రంగు కలిపి చూపించమంటారు, దాంతో ఐదోది తయారు చెయ్యాలి. రెండు చాలు, ఒక్కోదానికీ బ్రీఫ్‌లోని ఏ అవసరాన్ని అది తీరుస్తుందో చెప్పగలిగితే.

ఒప్పందం దాటిన కోరిక వచ్చినప్పుడు ఫోన్‌లో ‘చూద్దామండీ’ అనకండి, దాన్ని సరేనన్నట్టే తీసుకుంటారు. అదే రోజు ఇలా మెయిల్ పంపండి: ‘మీరడిగిన నాలుగో సైజు ప్రస్తుత ఒప్పందంలో లేదు. దీనికి 14 గంటలు, 17,500 అవుతుంది. డెలివరీ నాలుగు పని దినాలు వెనక్కి జరుగుతుంది. సరేనని ఈ మెయిల్‌కి జవాబిస్తే మొదలుపెడతాం.’ వాదన లేదు, నిష్టూరం లేదు. సగం మంది ఒప్పుకుంటారు, సగం మంది ఆ సైజు అక్కర్లేదంటారు, రెండూ మీకు మంచివే. మంచి క్లయింట్‌కి ఉచితంగా చేసిపెట్టాలనిపిస్తే నిరభ్యంతరంగా చెయ్యండి, కానీ ఇన్వాయిస్‌లో ఆ పనిని పూర్తి ధరతో చూపించి, కింద వంద శాతం తగ్గింపు వెయ్యండి. అలా కనిపించకపోతే వచ్చేసారి అది హక్కయిపోతుంది.

డబ్బు విడతలకి 40-30-30 బాగా నడుస్తుంది: 40 శాతం అడ్వాన్స్, 30 మధ్యలో, 30 చివర్లో. అడ్వాన్స్ ఖాతాలో పడ్డాకే పని మొదలవ్వాలి. రెండో విడతని ‘కాన్సెప్ట్ ఆమోదించాక’ అని రాస్తే క్లయింట్ ఆమోదించడం ఆపినంతకాలం మీ డబ్బూ ఆగుతుంది. ‘కాన్సెప్ట్ చూపించిన రోజు, లేదా ఫలానా తేదీ, ఏది ముందైతే అది’ అని రాయండి. క్లయింట్ నుంచి 10 పని దినాలు జవాబు లేకపోతే ప్రాజెక్టు ఆగినట్టని, మళ్లీ మొదలుపెట్టడానికి కొత్త తేదీ, 10 శాతం అదనపు ఫీజు ఉంటాయని కూడా చేర్చండి. చివరి విడత వచ్చేదాకా వాటర్‌మార్క్ ఉన్న తక్కువ రిజల్యూషన్ పీడీఎఫ్‌లే పంపాలి. హక్కులు పూర్తి మొత్తం చెల్లించాకే బదిలీ అవుతాయని రాతపూర్వకంగా ఉండాలి. డబ్బిచ్చి చేయించుకున్న పనికి హక్కు ఎవరిదన్న చట్టం దేశదేశానికీ మారుతుంది కాబట్టి ఒకసారి లాయర్‌కి చూపించండి. సోర్స్ ఫైళ్లు (మళ్లీ మార్చుకోగలిగే అసలు డిజైన్ ఫైళ్లు) ధరలో ఉన్నాయో లేవో కూడా అందులోనే తేల్చండి.

వాయిదాలు, మార్పులు చిన్నవాళ్ల సమస్యే అనుకోకండి. రిథమ్ అండ్ హ్యూస్ అనే పేరున్న విజువల్ ఎఫెక్ట్స్ స్టూడియో 2013 ఫిబ్రవరిలో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెళ్లింది. అదే నెలలో ఆ స్టూడియో చేసిన పనికి ఆస్కార్ వచ్చింది. ఆ రంగంలో మొత్తం పనికి ఒకే ధర ముందుగా ఖాయం చేసుకోవడం మామూలు. షూటింగ్ వాయిదా పడినా, దర్శకుడు మనసు మార్చుకున్నా జీతాలు మాత్రం ఆగవు. పని గొప్పగా ఉండటం, స్టూడియో నిలబడటం రెండు వేర్వేరు సంగతులని ఇంతకంటే స్పష్టంగా చూపేది ఇంకోటి నాకు తెలీదు.

నగదు కోసం 13 వారాల షీట్ పెట్టుకోండి. వారానికో నిలువు గడి, వచ్చేది, పోయేది, చివరి నిల్వ. ఇన్వాయిస్ గడువు తేదీ కాదు, ఆ క్లయింట్ మామూలుగా ఎన్ని రోజులకి కడతారో ఆ తేదీ వెయ్యాలి. పన్ను డబ్బు వచ్చిన రోజే వేరే ఖాతాలోకి మార్చండి. మూడు నెలల స్థిర ఖర్చు నిల్వ ఉండేదాకా లాభం పంచుకోవద్దు.

లైసెన్సుల దగ్గర నష్టం ఆలస్యంగా బయటపడుతుంది. ఫాంట్‌కి డెస్క్‌టాప్, వెబ్, యాప్ లైసెన్సులు సాధారణంగా వేర్వేరు. మీ కంప్యూటర్లో ఉన్న ఫాంట్‌ని క్లయింట్ వెబ్‌సైట్లో పెట్టే హక్కు మీకు ఉండకపోవచ్చు. క్లయింట్ పేరు మీదే కొనిపించండి. స్టాక్ ఫోటోలకీ పరిమితి ఉంటుంది. ఉదాహరణకి అడోబీ స్టాక్ స్టాండర్డ్ లైసెన్స్ 5 లక్షల కాపీల దాకానే, ప్యాకేజింగ్‌కి అది ఇట్టే దాటిపోతుంది. వీడియో కూడా చేస్తుంటే నిల్వ ఖర్చు కోట్‌లో వెయ్యండి. 4కే ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అనే వీడియో ఫార్మాట్ సెకనుకి 24 ఫ్రేముల దగ్గర గంటకి సుమారు 320 జీబీ తింటుంది, దానికి మూడు కాపీలు, రెండు రకాల మీడియా మీద, ఒకటి వేరేచోట. ప్రాజెక్టు ముగిశాక ఎన్ని నెలలు దాస్తారో ఒప్పందంలో చెప్పండి.

పెద్ద క్లయింట్ విషయం. ఒక్కరి నుంచి వచ్చేది ఆదాయంలో 30 శాతం దాటితే, వాళ్ల ఒక్క మెయిల్‌తో మీ దగ్గర ఇద్దరి జీతాలు ఆగుతాయి. దాటక తప్పనప్పుడు నెలవారీ రిటైనర్ (నెలకి ఇన్ని గంటలకి ఇంత అన్న ఒప్పందం) చేసుకుని, 60 రోజుల నోటీసు, వాడని గంటలు తర్వాతి ఒక్క నెలకే చెల్లుతాయన్న షరతు పెట్టండి. ఆ షరతు లేకపోతే ఆరు నెలల గంటలన్నీ పండగ సీజన్‌లో ఒక్కసారిగా మీద పడతాయి.

మనిషిని తగ్గించాలా అన్నారు. పై లెక్కలు మూడు నెలలు నడిపాక చూస్తే, మీకు ఒకరు తక్కువే ఉన్నారని తేలే అవకాశమూ ఉంది. ఒకే రకం పనికి ఫ్రీలాన్సర్లకి మూడు నెలలు వరసగా ఇస్తున్నది ఒక జీతంలో 70 శాతం దాటితే ఆ పనికి మనిషిని తీసుకోవచ్చు. కొత్తవారికి మొదటి మూడు నెలలు బిల్లబుల్ 75 కాదు, 40 శాతమే వేసుకోండి. నేర్పే సీనియర్‌ది కూడా వారానికి నాలుగైదు గంటలు తగ్గుతుంది. ఆ రెండు లోట్లూ 13 వారాల షీట్‌లో వేసి, చివరి నిల్వ ఏ వారంలోనూ ఒక నెల జీతాల కంటే కిందకి పడకపోతే ఆఫర్ లెటర్ ఇవ్వండి.